నెక్ లిఫ్ట్‌కి ముందు అడిగిన ప్రశ్న

2022 చలికాలం. అప్పుడు నేను దక్షిణ ఢిల్లీలో ఒక కాస్మెటిక్ సర్జరీ క్లినిక్‌లో స్టాఫ్ నర్సుని. మాది భీమవరం పక్క. ఘాజియాబాద్‌లో కాపురముంటూ రోజూ మెట్రోలో నలిగిపోతూ వచ్చేదాన్ని. తెలుగు పేషెంటు ఎవరొచ్చినా డాక్టరుగారు నన్నే పిలిచేవారు. అలాగే వరలక్ష్మిగారు నా దగ్గరికి వచ్చారు. పేరు మార్చి రాస్తున్నాను. యాభై దాటిన మనిషి, భర్త కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు.

బరువు తగ్గాక ఆవిడ మెడ కింద చర్మం వదులై వేలాడుతోంది. "మొన్న ఈ-రిక్షా అబ్బాయి మావారితో, 'భాయీసాబ్, మాతాజీకో పహలే బిఠాయియే' అన్నాడమ్మా, ముందు అమ్మగారిని కూర్చోబెట్టండని. నేను ఆయనకి తల్లినట!" అన్నారు. నేను కిసుక్కున నవ్వేశాను. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి నాలిక్కరుచుకున్నాను.

నెక్ లిఫ్ట్ అంటే చర్మాన్ని పైపైన లాగి కుట్టెయ్యడం కాదు. చెవుల వెనకా, గడ్డం కిందా కోసి, ప్లాటిస్మా అనే పల్చటి మెడ కండరాన్ని బిగిస్తారు. చర్మాన్ని అడుగునుంచి విడదీసి, ఎక్కువైనది కత్తిరించి కుడతారు. లోపల చేరే రక్తం బయటికి రావడానికి డ్రెయిన్ అనే సన్నటి గొట్టం పెడతారు. మెడ కమిలిపోతుంది, వాస్తుంది, మొద్దుబారుతుంది. బిగుతు పట్టీ కట్టుకునే పడుకోవాలి. ఇదంతా మామూలే. భయపడాల్సింది వేరే ఉంది. అలా విడదీసిన చర్మానికి రక్తం అంతంతమాత్రంగా అందుతుంది. పొగాకు ఆ కాస్త రక్తాన్నీ ఆపేస్తే చర్మం చచ్చిపోతుంది. దాన్నే నెక్రోసిస్ అంటాం. అందుకే పొగాకు అలవాటున్నవాళ్లు వారాల ముందే పూర్తిగా మానేస్తే తప్ప మా డాక్టరు కత్తి పట్టరు.

ఆ సంగతి చెప్పే, పొగాకు అలవాటుందా అని డాక్టరుగారు అడిగారు. నేను తెలుగులో విడమరిచాను. "సిగరెట్టే కాదు ఆంటీ, గుట్కా, జర్దా, ముక్కుపొడి, ఏదైనా సరే."

"ఛ ఛ! మా ఇంటా వంటా లేదమ్మా" అన్నారావిడ. భర్త పక్కనే కూర్చుని ఉన్నారు. ఆయనా కాదనలేదు. ఆపరేషన్ చక్కగా జరిగింది.

కుట్లు విప్పే రోజు పట్టీ తీసి చూశాను. రెండు చెవుల వెనకా చర్మం మాడిన అట్టులా నల్లబడింది. డాక్టరుగారు వచ్చి చూసి, భర్తని మందులకి పంపించారు. డాక్టరుగారు కూడా పక్కగదిలోకి వెళ్లాక నేను తలుపు వేశాను.

"ఆంటీ, మనిద్దరమే ఉన్నాం. నిజం చెప్పండి. నోట్లో ఏం పెట్టుకుంటారు?"

ఆవిడ గొణిగారు. "ముక్కుపొడి. చిగుళ్లకి రాసుకుంటాను. చిన్నప్పుడు పంటినొప్పికని మా అమ్మ అలవాటు చేసింది. నిన్న కూడా రాసుకున్నా."

"నేను ముక్కుపొడి అని పేరు పెట్టి అడిగాను కదండీ!"

"ఆయన పక్కనే ఉన్నారు కదే! ముప్ఫై ఏళ్లు దాచుకున్నాను. తెలిస్తే అసహ్యించుకుంటారు. డాక్టరుకి చెప్పుకో, ఆయనకి మాత్రం చెప్పకు తల్లీ."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ నా చెయ్యి వదలకుండా ఏడుస్తుంటే ఏం తిట్టను? చెప్పనని మాటిచ్చాను.

చచ్చిన చర్మాన్ని కత్తిరించి తీసేశారు. దాన్ని డెబ్రైడ్‌మెంట్ అంటారు. ఆ పుండుకి రోజూ డ్రెస్సింగ్ నేనే చేసేదాన్ని. గాజుగుడ్డ తీస్తుంటే ఆవిడ కొంగు నోట్లో కుక్కుకునేవారు. ఒకరోజు భర్త నన్ను వరండాలో ఆపారు.

"సిస్టరమ్మా, ఒక్కమాట. ఆ పొడి వల్లేనా?"

"మీకు తెలుసా సార్?"

"పక్కన పడుకునేవాడికి వాసన తెలీదా అమ్మా? పెళ్లయిన కొత్తలోనే తెలుసు. పాపం, దాచుకోడానికి ఎన్ని తిప్పలు పడేదో. చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ని."

"మరి డాక్టరుగారు అడిగినప్పుడు ఒక్క ముక్క అనుండొచ్చు కదండీ!" నా గొంతు లేచిపోయింది.

"మీ అందరి ముందూ ఆవిడ లేదంటే, ఉందని నేనెలా అంటాను?" ఆయన గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "నాకు తెలుసని ఆవిడతో మాత్రం అనకండి" అన్నారు.

గాయం మానేసరికి వేసవి వచ్చింది. దళసరి మచ్చలు మిగిలాయి. మెడ ఒకవైపు సరిగ్గా తిరగదు. లోపల ఆవిడ, "ఆయనకి చెప్పలేదు కదా?" అని అడిగేవారు. బయట ఆయన కళ్లతోనే అదే అడిగేవారు. చెప్పలేదన్నట్టు నేను ఇద్దరికీ తల ఊపేదాన్ని.

ఇప్పుడు పేషెంటుతో ఎవరొచ్చినా, మొగుడైనా పెళ్లామైనా, ముందు బయటికి పంపి అడుగుతాను. తర్వాత పేషెంటు ఒప్పుకుంటే, ఆ వచ్చినవాళ్లనీ విడిగా కూర్చోబెట్టి అడుగుతాను. కొందరు కసురుకుంటారు. పడతాను. ఆవిడ పరువు కాపాడబోయి ఆ ఇద్దరూ తెచ్చుకున్న పుండుని రోజూ నా చేతులతో కడిగినదాన్ని.