తడిక దగ్గర చూసే చూపు

వేసవి సెలవుల్లో మార్కాపురం పార్కులో పిల్లలకు ప్రకృతి శిబిరం పెడుతున్నాం, మీరే నడిపించాలి అని అడిగితే, కాదనడానికి ఓపిక లేక సరేనన్నాను. అడిగినవాళ్ళు పొద్దున్నే ఆ పార్కులో నడిచే పెద్దమనుషులు. బడిలో సైన్సు చెబుతాను కాబట్టి చెట్లూ పిట్టలూ అన్నీ నాకు తెలుసని వాళ్ళ నమ్మకం. గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద మంచుకొండలు, వాటి ముందు ఒక జింక. ప్లాస్టిక్ వాడొద్దని ఆ ప్లాస్టిక్ మీదే పెద్ద అక్షరాలతో రాయించారు. మామూలుగా అయితే నాకు నవ్వు ఆగేది కాదు. ఆ రోజు మాత్రం ఊడిపోయిన మూలకు కట్టడానికి పురికొస ఎక్కడైనా దొరుకుతుందా అని వెతుక్కున్నాను.

అప్పటికి మా నాయన పోయి మూడు నెలలు. నేను ఏడవలేదు. చెల్లెళ్ళిద్దరూ మీద పడి ఏడుస్తుంటే నేను వచ్చినవాళ్ళకు కుర్చీలు వేయించాను. పెద్దకర్మ నాడు వంటవాళ్ళకు బియ్యం, పప్పు నేనే తీసి ఇచ్చాను. పెద్దది గుండె రాయి చేసుకుందని మా మేనత్త నలుగురిలో మెచ్చుకుంది. నేను చేసుకున్నదేమీ లేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే చెంప ఎలా ఉంటుందో లోపల అలా ఉంది, అంతే. మత్తు దిగాక నొప్పి తెలుస్తుందిలే అని చూశాను. అది దిగలేదు.

శిబిరం పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా. ఆ తర్వాత మా ఊళ్ళో మే నెల ఎండకు ప్రకృతి కూడా ఇంట్లో కూర్చుంటుంది. పాతికమంది దాకా పిల్లలు వచ్చేవాళ్ళు. పిట్టలు గుర్తుపట్టకపోయినా ఫర్వాలేదు, ఆ రెండున్నర గంటలు ఫోను ముట్టకపోతే చాలునని తల్లులు నాతో ఉన్నమాటే చెప్పారు. పలకల ఫ్యాక్టరీ వెనక కుప్ప పోసిన విరిగిన ముక్కలు తెచ్చి పిల్లలకు తలా ఒకటి ఇచ్చాను. చూసింది దాని మీద గీయాలి, తుడిచి మళ్ళీ గీయాలి. చీమల బారు వెంట పోయేవాళ్ళం. వేపాకు, కానుగాకు నలిపి, కళ్ళు మూసుకుని వాసన బట్టి చెప్పుకునేవాళ్ళం. పిల్లలు నవ్వినప్పుడు నేనూ నవ్వేదాన్ని. ఎప్పుడు నవ్వాలో నాకు గుర్తుండేది.

పిల్లల పేర్లు రిజిస్టరులో రాసి, రోజూ పొయ్యేటప్పుడు లెక్కపెట్టమని నడక పెద్దమనిషి ఒకాయన చెప్పాడు. నాకు అక్కర్లేదన్నాను. అది నా పొగరు, మా నాయన నుంచి వచ్చిన పొగరు.

మాది గొర్రెలున్న ఇల్లు. నాయన జీవితమంతా మంద వెనక నడిచాడు. ఎండలు ముదిరి ఇక్కడ మేత అయిపోతే దోర్నాల వైపు తోలుకుపోయేవాడు. సాయంత్రం దొడ్డి తడిక సగం తెరిచి పక్కన నిలబడేవాడు. గొర్రెలు ఒక్కొక్కటే దూరి లోపలికి పోతుంటే చూసేవాడు, అంతే. నోటితో లెక్క పెట్టేవాడు కాదు. జీవాల్ని నోరు తెరిచి లెక్కపెడితే మంద తరుగుతుందని గొర్రెలు కాసేవాళ్ళ నమ్మకం. చిన్నప్పుడు నేను వేళ్ళు మడుస్తుంటే చేతి మీద ఒక్కటి వేశాడు. "ఎన్ని ఉండాయని కాదు మే. ఏది రాలేదని చూడాల," అన్నాడు. అన్నీ దూరాక తడిక మూసి, చెవి మీద మచ్చ ఉన్నది రాలేదనో, కుంటిది వెనకబడిందనో చెప్పి వెనక్కి పోయి వెతుక్కొచ్చేవాడు. ఎప్పుడూ తప్పలేదు. బడిలో ఇరవై ఏళ్ళుగా నేనూ అదే చేస్తున్నాను. తరగతి గుమ్మంలో నిలబడి ఒకసారి చూస్తే చాలు, ఎవరు రాలేదో తెలిసిపోతుంది.

ఆ చూపు నా మీద కూడా ఒకసారి పడింది. ఆస్పత్రి వాళ్ళు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్న తర్వాత, నాయన్ను వరండాలో మంచం మీద పడుకోబెట్టాం. పోయే ముందు రోజు పొద్దున కళ్ళు తెరిచాడు. చుట్టూ నిలబడ్డ మమ్మల్ని ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కొక్కరినే చూశాడు, తడిక దగ్గర చూసినట్టే. తమ్ముడు, చెల్లెళ్ళు, అల్లుళ్ళు, కాళ్ళ దగ్గర నేను. నా దగ్గర చూపు ఆగలేదు. అంతా అయ్యాక అమ్మ వైపు తిరిగి, "పెద్దది రాలేదేంది," అన్నాడు.

ఇక్కడే ఉందని అమ్మ చెప్పింది, చెల్లెళ్ళు చెప్పారు. నేను మాత్రం చెప్పలేదు. ఆయనంతట ఆయనే గుర్తుపట్టాలని నిలబడ్డాను. ఎంత సేపు నిలబడ్డానో తెలియదు, ఆయన కళ్ళు మూశాడు. మళ్ళీ తెరవలేదు.

ఎనిమిదో రోజు శిబిరానికి ఒక కొత్త పిల్ల వచ్చింది. పార్కు ఎదురు సందులో బట్టలు కుట్టే ఆవిడ గేటు దాకా తీసుకొచ్చింది. వాళ్ళ అన్న కూతురంట. వెలిగండ్ల నుంచి సెలవులకు వచ్చింది, ఎనిమిదేళ్ళుంటాయి. ఒక పూట కూర్చోబెట్టుకోమంది. నేను తలూపి, పిల్లకు ఒక పలక ముక్క ఇచ్చాను. మొహం చూశానో లేదో చెప్పలేను.

ఆ రోజు చివరి ఆట వినడం. ఒక్కొక్కరు ఒక్కో చెట్టు కింద కళ్ళు మూసుకుని కూర్చోవాలి, వినపడిన ప్రతి చప్పుడుకూ పలక మీద ఒక గీత గీయాలి. నేను వచ్చి తల మీద చెయ్యి వేసేదాకా లేవకూడదు, మాట్లాడకూడదు. పావుగంట తర్వాత చెట్టు చెట్టుకూ పోయి తలలు తట్టి లేపాను. గేటు దగ్గర తలుపు సగం వేసి పక్కన నిలబడ్డాను. ఒక్కొక్కరే నా ముందు నుంచి పోయారు. నాకు తెలిసిన మొహాలన్నీ పోయాయి. ఎవరూ తగ్గలేదు. వాచ్‌మన్ తాళం వేశాడు, నేను స్కూటీ ఎక్కి ఇంటికి వచ్చాను.

పదిన్నరకు ఫోను. "మేడం, మా పిల్ల ఇంకా రాలేదు. మీ కాడనే ఉందా?" అని ఎదురు సందు ఆవిడ.

మళ్ళీ స్కూటీ తీశాను. సిగ్నల్ దగ్గర ఆగాను కూడా. ఒక పిల్ల పోయిందేమో అన్నప్పుడు కూడా నాకు ఏమీ అనిపించడం లేదని తెలిసి, దానికి మాత్రం భయం వేసింది. సంగటి తినడానికి ఇంటికి పోయిన వాచ్‌మన్ చెయ్యి కూడా సరిగా కడుక్కోకుండా తాళంచెవి తెచ్చాడు. పిల్ల అత్త గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉంది.

నీళ్ళ ట్యాంకు వెనక, గోడ వారగా ఒక కానుగ చెట్టు ఉంది. పిల్ల దాని కింద కూర్చునే ఉంది. నీడ జరిగిపోయి సగం ఒళ్ళు ఎండలో ఉంది. చెంపలు కమిలాయి. కళ్ళు గట్టిగా మూసుకుంది. ఒళ్ళోని పలక ముక్క మీద గీతల మీద గీతలు, ఖాళీ లేదు.

తల మీద చెయ్యి వేశాను. కళ్ళు తెరిచి, ముందు తప్పు ఒప్పుకుంది.

"మధ్యలో కండ్లు కొంచిం తెరిచినా మేడం. మీరు నా పక్క చూసినారు. చూసి, పోయినారు. ఆట ఇంకా అయిపోలేదేమో అనుకున్నా."

చూసే ఉంటాను. నాకు తెలియని మొహం, కంటికి ఆనలేదు. ఏది రాలేదని చూడాలంటే ముందు అది మనదని తెలిసి ఉండాలి. నాయన చూపులో ఆ చిల్లు ఉందని అన్నేళ్ళలో నాకు తట్టలేదు.

"నేను పిలవకపోతే నువ్వే లేచి రావాల గదమ్మా," అన్నాను. "నేనీడనే ఉన్నా అని గట్టిగా అరవాల గదా."

అన్నాక నా మాట నాకే వినపడింది. అక్కడే మట్టిలో కూలబడ్డాను. వరండాలో మంచం కాళ్ళ దగ్గర బిగుసుకుపోయి నిలబడింది నేను. ఈడనే ఉన్నా నాయనా అని ఒక్క మాట అంటే పోయేది. ఎనిమిదేళ్ళ పిల్ల ఆట అనుకుని కూర్చుంది. నలభై ఆరేళ్ళ దాన్ని నేనేమనుకుని నిలబడ్డాను? నన్ను గుర్తుపట్టలేదని ఆయన మీద అలిగాను, అదీ సంగతి. చావబోతున్న మనిషి మీద అలిగాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఆగి చూశాను. రాలేదు. పిల్లే నా చెయ్యి పట్టి లేపింది.

పిల్లను ఇంటికి తీసుకుపోయి మజ్జిగ తాగించారు. తప్పు నాదేనని వాళ్ళ అత్తకు చెప్పాను. రేపటి నుంచి పంపరనుకున్నాను.

మర్నాడు ఆరున్నరకు పిల్ల అందరికన్నా ముందే గేటు దగ్గర ఉంది. ఆ రోజు పిల్లలకు కొత్త పద్ధతి చెప్పాను. పొయ్యేటప్పుడు అందరూ గుండ్రంగా నిలబడాలి, ఒకరి తర్వాత ఒకరు ఉన్నా అని గట్టిగా అరవాలి. నేను వేళ్ళు మడుస్తూ నోటితోనే లెక్కపెడతాను. మంద తరిగితే తరగనీ. అందరూ అరిచారు. వెలిగండ్ల పిల్ల అరుపుకు నడుస్తున్న పెద్దమనుషులు ఆగి చూశారు.

ఇక పొండి అనబోతుంటే ఆ పిల్లే ఆపింది. "మీరు చెప్పలేదు మేడం."

"ఉన్నా," అన్నాను.

వినపడలేదన్నారు. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాను. ఈసారి గొంతు మధ్యలో తెగింది. మళ్ళీ వినపడలేదని పిల్లలు గోల చేశారు, వాళ్ళకదో ఆట. మూడోసారి అనడానికి నోరు తెరిస్తే ఉన్నా నాయనా అని వచ్చింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.