నాచు కింద యాభై ఐదేళ్లు

2023 నవంబరు. విన్నిపెగ్‌లో ఒక యూనివర్సిటీ, బయాలజీ బిల్డింగ్ బేస్‌మెంట్, కిటికీల్లేని గది. తలుపు మీద ‘ట్రీ రింగ్ ల్యాబ్’ అని ఉంటుంది. అప్పటికి పద్నాలుగేళ్లుగా నేను అక్కడ టెక్నీషియన్ని. ఎకాలజీలో పీజీ చేసే పిల్లలు ఉత్తరాది అడవుల నుంచి చెట్ల ముక్కలు తెస్తారు. వాటిని అరగదీసి, మైక్రోస్కోప్ కింద పెట్టి, వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పడం నా పని. ఏలూరులో బాటనీ ఎమ్మెస్సీ చదివి, పెళ్లయి ఇక్కడికి వచ్చాక, మొదట్లో కొన్నేళ్లు బ్రెడ్డు ఫ్యాక్టరీ లైన్లో నిలబడ్డాను. ఆ తర్వాత దొరికిన ఉద్యోగం కాబట్టి దీని మీద మమకారం ఎక్కువ, గర్వం ఇంకా ఎక్కువ. నా లెక్కకు తిరుగులేదని పిల్లలు అనేవాళ్లు. నేనేమీ కాదనేదాన్ని కాదు.

పని చెప్పినంత తేలిక కాదు. చెట్టు కాండాన్ని అడ్డంగా కోస్తే వచ్చే బిళ్లను డిస్క్ అంటాం. ఏటా వేసవిలో చెట్టు ఒక వలయం వేస్తుంది. మన వైపు మద్ది చెట్టు వలయాన్ని దూరం నుంచి కూడా చూడొచ్చేమో గానీ, టండ్రా అంచున పెరిగే బ్లాక్ స్ప్రూస్ వలయం తల వెంట్రుకంత సన్నం. రకరకాల శాండ్‌పేపర్లతో గంటల కొద్దీ రుద్దితే గానీ కనిపించదు. తుమ్మితే లెక్క తప్పుతుంది. అందుకని నా ల్యాబ్‌లో తినడం, తాగడం, అనవసరంగా నవ్వడం నిషిద్ధం.

శ్రావణ్‌ది జగిత్యాల. ఎమ్మెస్సీ రెండో ఏడు. మొదటి రోజు వచ్చి ‘ఆంటీ’ అన్నాడు. “ఇంటికొస్తే ఆంటీని, ఇక్కడ మేడమ్‌ని” అన్నాను. మళ్లీ ఎప్పుడూ పొరపడలేదు. అతని టాపిక్ ట్రీ లైన్, అంటే ఉత్తరాన చెట్లు ఆగిపోయి టండ్రా మొదలయ్యే గీత. వాతావరణం వేడెక్కుతోంది కాబట్టి ఆ గీత ఇంకా ఉత్తరానికి జరుగుతోందా అన్నది ప్రశ్న. చర్చిల్ అనే చివరి ఊరు దాటి వెళ్లి, ఆ వేసవిలో అరవై రెండు పొట్టి చెట్లు కోసి డిస్కులు తెచ్చాడు. నేనే లెక్కపెట్టాను. దాదాపు అన్నీ నలభై అయిదేళ్ల లోపువే. అంటే వేడి మొదలయ్యాకే అవి పుట్టాయి. అడవి నడిచి వస్తోంది! కుర్రాడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. థీసిస్ సగం రాసేశాడు. ప్రావిన్స్ అటవీ శాఖలో ఉద్యోగం కూడా ఖాయమైంది, ఏప్రిల్ లోపు డిగ్రీ చేతికి రావాలన్నది ఒక్కటే షరతు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నేను ఫ్రీజర్ సర్దుతున్నాను. అడుగున ఒక నల్ల చెత్త సంచి కనబడింది. విప్పితే, వేర్లతో సహా ఒక చెట్టు. తడి నాచు, మట్టి, చితికిన ఆకులు. పొద్దున్నే తుడిపించిన నేలంతా ఖరాబైంది.

“ఇదేంటయ్యా, చెట్టు తెమ్మంటే తోట తెచ్చావా?” అని శ్రావణ్ మీద ఫోన్లో అరిచాను.

“తిట్టకండి మేడమ్. ఆఖరి రోజు రంపం బ్లేడ్ ఇరిగిపోయింది. గుంజితే మొత్తం ఊడొచ్చింది. నీట్‌గా లేదని లెక్కలో ఏసుకోలే. పారెయ్యుండ్రి.”

పారేయడం నాకు చేతకాదు. సింకులో పెట్టి కడిగాను. నాచు ఊడుతుంటే, దాని కింద కాండం ఇంకా కనిపించసాగింది. నాచు పైకి నా నడుమెత్తు ఉన్న చెట్టు, నాచు లోపల ఇంకో జానెడు పైగా ఉంది. పక్కల నుంచి సన్నటి వేర్లు పుట్టుకొచ్చి, అదే నేల అనిపించేలా మోసం చేస్తున్నాయి. అసలు కాండం వేరుగా మారే చోటు, మేం రూట్ కాలర్ అంటాం, అది ఎక్కడో అడుగున ఉంది.

రెండు చోట్ల కోశాను. శ్రావణ్ కోసే చోట, అంటే నాచు పైన ఒకటి. రూట్ కాలర్ దగ్గర ఒకటి. రుద్దాను. లెక్కపెట్టాను.

పైది నలభై ఒకటి. కిందది తొంభై ఆరు.

మళ్లీ లెక్కపెట్టాను. తొంభై ఆరు. కళ్లద్దాలు తుడుచుకుని, దిశ మార్చి, బెరడు వైపు నుంచి కాకుండా మధ్య నుంచి లెక్కపెట్టాను. తొంభై ఆరే. ఆ చెట్టు మా నాన్న కన్నా పెద్దది. యాభై ఐదేళ్ల వయసు నాచులో కూరుకుపోయి ఉంది. మిగతా అరవై రెండూ ఇలాంటివే అయితే అవేవీ కొత్తగా పుట్టినవి కావు. అడవి ఎక్కడికీ నడవలేదు.

శ్రావణ్ ఎక్కడ తప్పు చేశాడా అని అతని ఫీల్డ్ నోట్సు తీశాను. తప్పు చేయలేదు. ‘చెట్టును నేల మట్టం దగ్గర కోయాలి’ అన్న సూచనను తు.చ. తప్పకుండా పాటించాడు. ఆ సూచన ఎదురుగా గోడ మీదే ఉంది, లామినేషన్ చేసిన కాగితం మీద. రాసింది నేను.

స్టూలు మీద కూలబడిపోయాను. విన్నిపెగ్ ఊళ్లోని ఓక్ చెట్ల కోసం ఎప్పుడో రాసిన వాక్యం అది. అక్కడ నేల అంటే నేలే. దాన్నే ఉత్తరానికి వెళ్లే ప్రతి విద్యార్థి చేతికీ ఇచ్చాను. ఆ ఉత్తరాది అడవిని పద్నాలుగేళ్లలో నేను ఒక్కసారి కూడా చూడలేదు. చలి, దోమలు, ఎలుగుబంట్లు అని పిల్లలు చెబితే విని, నా బేస్‌మెంట్ నాకు చాలనుకున్నాను.

ఆ తర్వాత చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ రెండు డిస్కులూ సొరుగులో టేపు చుట్టల కింద దాచి, తాళం వేసి ఇంటికి పోయాను. ఒక్క చెట్టే కదా, ఏదో పిచ్చి చెట్టయి ఉంటుందని దారంతా సర్దిచెప్పుకున్నాను.

మర్నాడు తెలుగు అసోసియేషన్ కార్తీక వనభోజనాలు. బయట మైనస్ పది కాబట్టి వనం సంగతి మర్చిపోయి కమ్యూనిటీ హాల్లో కానిచ్చాం. శ్రావణ్ పులిహోర వడ్డిస్తున్నాడు. రిటైరైన డాక్టరు గారొకాయన, అందరం అంకుల్ అంటాం, “ఏవోయ్, నీ అడవి ఎంతవరకు వచ్చింది?” అని అడిగారు.

“వచ్చేసింది అంకుల్. అంతా మేడమ్ పుణ్యం. ఆమె లెక్క లేకుంటే నా థీసిసే లేదు.”

చుట్టూ ఉన్నవాళ్లు నా వైపు మెచ్చుకోలుగా చూశారు. నేను నవ్వాను. ఎలా నవ్వానో నాకే తెలియదు. నా పులిహోర విస్తట్లోనే వదిలేశాను.

సోమవారం పొద్దున్నే అతన్ని పిలిచి రెండు డిస్కులూ మైక్రోస్కోప్ కింద పెట్టాను. అతనే లెక్కపెట్టుకున్నాడు. రెండోది అయ్యాక తలెత్తి నన్ను చూశాడు.

“ఇది ఆ సంచిలదేనా మేడమ్?”

“అదే.”

“అంటే మిగిలినవన్నీ...”

“వాటి మొదళ్లు అక్కడే నాచులో ఉన్నాయి. చూస్తే గానీ తెలియదు. తప్పు నీది కాదు శ్రావణ్. నాది. ఆ కాగితం నేను రాసింది.”

అతను గోడ మీది కాగితం చదివాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: “ఏప్రిల్ దాకా ఆగుండ్రి మేడమ్. డిగ్రీ చేతికొచ్చినంక చెప్పుకుందాం. ఇప్పుడు చెప్తే ఉద్యోగం పోతది, స్టడీ పర్మిట్ మళ్లా ఎక్స్‌టెండ్ చేస్కోవాలె. మీరు చెప్పకుంటే ఎవరికి తెలుస్తది?”

తిట్టాలని నోరు తెరిచాను. తిట్టే హక్కు నాకు లేదు. రెండు రోజులుగా నేను అనుకుంటున్నదీ అదే మరి.

“శుక్రవారం హెలెన్ దగ్గరికి వెళ్తాను. నువ్వు ముందే వెళ్తే ఇంకా మంచిది” అన్నాను. హెలెన్ అతని గైడు, మా ల్యాబ్‌కు అధిపతి. అతను బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు. మూడు రోజులు కనబడలేదు. ఫోనెత్తలేదు. పిల్లవాడు ఏమైపోయాడోనని నాకు అన్నం సహించలేదు.

శుక్రవారం తొమ్మిదికి హెలెన్ గది దగ్గరికి వెళ్తే, తలుపు బయట కుర్చీలో శ్రావణ్ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఇద్దరం కలిసి లోపలికి వెళ్లాం.

హెలెన్ డిస్కులను దీపం కింద తిప్పి తిప్పి చూసింది. కోప్పడుతుందనుకున్నాను. ఆమె, నేను గోడ మీంచి ఊడదీసి తెచ్చిన కాగితం చేతిలోకి తీసుకుంది.

“ఈ కాగితం పట్టుకుని ఇప్పటిదాకా ఎంతమంది ఉత్తరానికి వెళ్లారు?”

వేళ్ల మీద లెక్కపెట్టాను. శ్రావణ్ కాక తొమ్మిది మంది. తొమ్మిది థీసిస్‌లు. అందులో రెండు పేపర్లుగా అచ్చయ్యాయి. అంతవరకూ నా దిగులంతా ఒక్క శ్రావణ్ గురించే. ఇప్పుడు ఆ తొమ్మిది మొహాలూ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి.

“నాచు చెట్టు మొదలును మింగేస్తుందని స్టూడెంటుగా ఉన్నప్పుడు నేను చదివాను. మర్చిపోయాను. తెలియకపోవడం కన్నా అది ఘోరం” అంది హెలెన్. ఆ రెండు జర్నల్స్‌కూ తప్పు దొర్లిన సంగతి తనే రాస్తానంది. మిగతా విద్యార్థులకు నన్ను రాయమంది. శ్రావణ్ వైపు తిరిగి, డిఫెన్స్ వాయిదా వేయక తప్పదని చెప్పింది. డిఫెన్స్ అంటే థీసిస్‌ను కమిటీ ముందు నిలబడి సమర్థించుకోవడం. అతను తలూపాడు. ఏప్రిల్‌లో ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది.

జులైలో మొదళ్లు తవ్వడానికి అతను మళ్లీ ఉత్తరానికి బయల్దేరాడు. ఈసారి నేనూ వెళ్లాను. యాభై ఆరేళ్ల వయసులో, రెండు రోజుల రైలు ప్రయాణం, ఆపైన హెలికాప్టర్. తుపాకీ భుజాన వేసుకున్న ఎలుగుబంట్ల కాపలా మనిషి, ముఖానికి దోమల వల. మొదటి అడుగు వేయగానే కాలు మోకాలి దాకా దిగిపోయింది. పరుపు మీద నడిచినట్టుంది. శ్రావణ్ కోసిన మొదటి మొద్దు పక్కన కూర్చుని నాచులోకి చెయ్యి దూర్చాను. మోచెయ్యి దాకా పోయింది. వేళ్లకు నేల తగల్లేదు, చల్లటి నీళ్లు తగిలాయి. ‘నేల మట్టం దగ్గర’ అని నేను రాశానే, అక్కడ అలాంటిదేమీ లేదు. నాకు ఏడుపొచ్చింది. వల ఉండటం నయమైంది.

రోజుకు అయిదారు మొద్దులు. అతను తవ్వడం, నేను లోతు కొలిచి రాసుకోవడం. పనికి సంబంధించినవి తప్ప మాటల్లేవు. నాలుగో రోజు, డబ్బాలోని అటుకులు తింటూ, శ్రావణ్ దూరంగా చూస్తూ అన్నాడు.

“ఆ దినం నేనే అయ్యుంటే మీకు చెప్పకపోదును మేడమ్. దాచి పెట్టుకుందును.”

“నేనూ దాచాను.”

అతను తిరిగి చూశాడు.

“శుక్రవారమే లెక్కపెట్టాను. శని, ఆదివారాలు సొరుగులో పెట్టి తాళం వేశాను. నువ్వు నాకు పులిహోర వడ్డించేటప్పటికి నాకంతా తెలుసు.”

అతను డబ్బా మూత పెట్టి, పార తీసుకుని తర్వాతి మొద్దు దగ్గరికి పోయాడు. ఆ రోజంతా నా మొహం చూడలేదు. చెప్పకుండా ఉండాల్సిందా అని ఒక పక్క, ఇంకా ముందే చెప్పాల్సిందని ఇంకో పక్క మనసు పీకింది.

మర్నాడు పొద్దున నేను టేపు తీయగానే వచ్చి పక్కన కూర్చున్నాడు. “మీరు కొలవండి. తర్వాత నేను మళ్లా కొలుస్తా. ఇద్దరిదీ కలిస్తేనే రాద్దాం” అన్నాడు.

పద్నాలుగేళ్లలో నా కొలతను ఇంకొకరు సరిచూస్తానని నా మొహం మీదే అనడం అదే మొదటిసారి. ఇంకెప్పుడైనా అయితే ఒంటికాలి మీద లేచేదాన్ని. “సరే” అన్నాను. మూడో మొద్దు దగ్గర నా కొలత రెండు సెంటీమీటర్లు తప్పింది. అతను గట్టిగా నవ్వాడు. నవంబరు తర్వాత అతని నవ్వు వినడం అప్పుడే.

అరవై రెండు చెట్లలో యాభై ఎనిమిది మేం అనుకున్నదాని కన్నా ఎంతో పాతవి. అవి కొత్తగా వచ్చినవి కావు. దశాబ్దాల తరబడి నాచులో, మంచులో ఒదిగి ఉండి, వేడి తగిలాక తలెత్తినవి. అదే అతని థీసిస్ అయింది. ఆ డిసెంబరులో డిఫెన్స్ జరిగింది. “నేల మట్టం దగ్గర కోయమని మొదట మీకు చెప్పిందెవరు?” అని బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అడిగాడు. శ్రావణ్ తడబడ్డాడు. నా పేరు చెప్పడం ఇష్టం లేక నీళ్లు నములుతున్నాడని అర్థమైంది. వెనక వరసలోంచి నేనే లేచి నిలబడ్డాను.

మా పనిలో ఎవరైనా తప్పు చేస్తారు. ఈ ఉదంతం నాకు నేర్పింది అది కాదు. తప్పు తెలిసిన క్షణానికీ, దాన్ని శ్రావణ్‌కు చెప్పిన క్షణానికీ మధ్య నేను రెండు రోజులు తీసుకున్నాను. ఆ రెండు రోజులు మాత్రం పొరపాటున జరగలేదు.