దవాఖానకు తూకం రాయి

పొద్దున జమ్మికుంట యార్డుకు ఈ ఏటి కొత్త పత్తి వచ్చింది. తేమ ఎంత ఉందో చెప్పడానికి మిషన్లున్నాయి. అయినా కుప్పలో చెయ్యి పెట్టి చూస్తే గానీ నాకు తృప్తి ఉండదు. మోచేతి దాకా దూర్చాను. చలిగాలికి పైన చల్లబడ్డ పత్తి లోపల గోరువెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం తగలగానే ప్రతి ఏడూ నాకేమవుతుందో అదే అయింది. చెయ్యి తీయకుండా అలాగే నిలబడిపోయాను. "ఏందే సమ్మన్నా, పత్తిల నిద్రవోయినవా?" అని హమాలీలు నవ్వారు. నవ్వరా మరి. నేనేమో ఆరేళ్ల కింద కరీంనగర్ దవాఖానలో, నెలలు నిండని పిల్లల వార్డులో, షాహీన్ సిస్టర్ ముందు నిలబడి ఉన్నాను.

నేను దడ్వాయిని, అంటే యార్డులో తూకం వేసేవాణ్ని. మా బాపు కూడా అదే పని చేశాడు. నా భార్య లతకు ఏడో నెల నిండగానే నొప్పులొచ్చాయి. అంబులెన్సులో కరీంనగర్ తీసుకుపోతే ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. బరువు పదమూడు వందల నలభై గ్రాములు. క్వింటాళ్లు తప్ప నోట పలకని నాకు ఆ అంకె తలకెక్కలేదు. మా యార్డు లెక్కలో అది క్వింటాలుకు తరుగు కింద కొట్టేసే బరువు. మరుక్షణమే పాపను వార్డులోకి తీసుకుపోయారు. నేను బయట గోడకు ఆనుకుని, ఎవరు తలుపు తీసినా లేచి నిలబడుతూ కూర్చున్నాను.

షాహీన్ సిస్టర్‌ను మొదట చూసింది అప్పుడే. యాభై దాటిన మనిషి, కొంచెం లావు. కళ్లద్దాలకు నల్లదారం కట్టి మెడలో వేసుకునేది. "చేతులు మోచేతుల దాంక కడుక్కో తమ్మీ. ఉంగరం దీసి జేబుల వెట్టు" అని లోపలికి పిలిచింది. అక్కడ నా బిడ్డ కన్నా దాని ఒంటి మీది పైపులే ఎక్కువ కనబడ్డాయి. కొత్త అల్లుడికి చుట్టాలను చూపించినట్టు సిస్టర్ ఒక్కొక్కదాన్నే చూపించింది. "గా ముక్కుకున్నది గాలి కోసం. లోపలి తిత్తులకు ఇంక అలవాటు గాలే. నోట్ల సన్న పైపు పాలకు, గుంజి తాగే బలం ఇంక రాలే. పైనున్నది హీటరు. రేపో ఎల్లుండో పసిరికెలు వచ్చి ఒళ్లు పచ్చవడితె నీలం లైటు కింద వెడ్తం, కండ్లకు గుడ్డ గడ్తం, చూసి బెదురకు. గీ మిషను కుయ్ కుయ్ మంటే పరేషాన్ గాకు. శానసార్లు పాప కదిలితె వైరు జరుగుతది, గంతే. మిషను దిక్కు జూడకు, బిడ్డె దిక్కు జూడు."

"బతుకుతదా సిస్టర్?" అని అడిగాను. ఆమె అబద్ధం చెప్పలేదు. "గా మాట నేను జెప్పలేను, డాక్టరు సారు గూడ జెప్పలేడు. ఇయ్యాల మంచిగున్నది. రేపటి ముచ్చట రేపు జెప్త." అప్పుడు ఆ మాట నాకు కోపం తెప్పించింది. తర్వాత ఆ వార్డులో ఉన్నన్నాళ్లూ నేను నమ్మింది ఆమె మాటనే.

ఇక నా తెలివి గురించి చెప్పాలి. రోజూ పొద్దున పాపను తూచేవాళ్లు. రెండోరోజు పదమూడు వందలు, మూడోరోజు పన్నెండు వందల అరవై, నాలుగోరోజు పన్నెండు వందల ఇరవై. పాలు పోస్తున్నారు, మందులిస్తున్నారు, బిడ్డ తగ్గుతోంది. ఇరవై ఏళ్లు తూకం వేసినవాడికి బుద్ధి ఎటు పోతుంది? కాంటా తప్పయి ఉంటుందనుకున్నాను. ఆ సాయంత్రమే బస్సెక్కి జమ్మికుంట పోయి, తూనికలు కొలతల వాళ్లు ముద్ర వేసిన కిలో రాయిని గుడ్డసంచిలో వేసుకుని మర్నాడు పొద్దునకల్లా వార్డు ముందు దిగాను. పాలు పిండే గది పక్కనే కాంటా ఉండేది. "సిస్టర్, మీ కాంటా ఒకసారి చూడాలె" అని రాయి తీసి చూపించాను. గదిలో ఉన్న ఆడవాళ్లంతా నోళ్లు తెరిచారు. లత కొంగు మొహాన కప్పుకుంది.

సిస్టర్ కోప్పడుతుందనుకున్నాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని రాయి మీది ముద్రను తిప్పి తిప్పి చూసింది. స్పిరిటుతో తుడిచింది. కాంటా మీద కాగితం పరిచి, అంకెను సున్నాకు తెచ్చి, రాయి పెట్టింది. సరిగ్గా వెయ్యి. ఒక్క గ్రాము తేడా లేదు. "ఆడలేక మద్దెలోడు అన్నట్టున్నది నీ ముచ్చట" అంటూ కాంటాను మళ్లీ తుడిచి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది. "తమ్మీ, పచ్చిపత్తి నాలుగు దినాలు ఎండితె తూకం తగ్గదా?"

"తగ్గుతది."

"గప్పుడు కాంటా తప్పంటవా?"

రాయిని తిరిగి నా సంచిలో వేస్తూ సిస్టర్, "కడుపుల నీళ్లల్ల ఉండె పిల్ల. బైటికచ్చినంక గా నీరు పోతది. ఎనిమిది పది దినాలు తగ్గుడే ఉంటది, తర్వాత ఎక్కుతది. నెలలు నిండిన పిల్లలు గూడ తగ్గుతరు, వీళ్లు జర ఎక్కువ తగ్గుతరు" అని చెప్పింది. అక్కడితో ఆగి ఉంటే నేను నవ్వుకుంటూ బయటపడేవాణ్ని. ఆమె గొంతు తగ్గించి, "అయిదు దినాలాయె నువ్వచ్చి. రాయి మోసుకచ్చినవ్, మంచిదే. బిడ్డెను ఒక్కసారన్న ముట్టినవా?" అంది.

ముట్టలేదు. లత కుట్ల నొప్పితోనే గోడ పట్టుకుని వచ్చి రోజూ పాప అరికాలు నిమిరిపోయేది. నేను చేతులు వెనక్కి కట్టుకుని అంకెలు చూసేవాణ్ని. ముట్టుకుంటే బిడ్డ నాదైపోతుంది, నాదయ్యాక చేజారితే ఎట్లా బతకాలి అని నా భయం. ఈ సంగతి లతకు కూడా చెప్పలేదు. ఆ స్టూలు మీద కూర్చుని సిస్టర్‌కు చెప్పాను, చెబుతూ ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "కాంటాను అనుమానించినందుకు జుర్మానా వడ్తది. రేపు మంచిగ తానం జేసి, ముందర గుండీలున్న అంగీ తొడుక్కొని రా" అంది.

ఆ జుర్మానా ఏమిటో మర్నాడు తెలిసింది. ముక్కు పైపు అప్పటికే తీసేశారు. నన్ను వాలుకుర్చీలో కూర్చోబెట్టి, గుండీలు విప్పించి, టోపీ, డైపరు తప్ప ఏమీ లేని పాపను నా రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టి, పైన మెత్తటి గుడ్డ చుట్టేస్తారట. మా అవ్వ అడ్డం పడింది. "మొగోడు పిల్లను రొమ్ముకు కట్టుకునుడేంది, నలుగురు నవ్వరా?" అంది. "అవ్వా, కోడి పొదుగుతుంటె పుంజు ఊరంత తిరుగుతది. నీ కొడుకు పుంజు కన్న నయమని నేననుకుంటున్న. కుట్లున్న కోడలు ఒక్కతే ఎంతసేపని కూసుంటది?" అంది సిస్టర్. అవ్వ నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది.

నా రొమ్ము మీద ఆ బిడ్డ బరువు తెలియనే లేదు, వెచ్చదనమే తెలిసింది. ఊపిరి గట్టిగా తీస్తే జారిపోతుందేమోనని బిగబట్టాను. కాసేపటికి మిషను కూసింది. నా ప్రాణం పోయినంత పనైంది. సిస్టర్ తొందరపడకుండా వచ్చి పాప రంగు చూసి, అరికాలు మీద వేలితో చిన్నగా మీటింది. పాప ఒక్కసారి కదిలి ఊపిరి తీసుకుంది. "నెల తక్కువ పిల్లలు అప్పుడప్పుడు ఊపిరి దీసుకునుడు మర్చిపోతరు. ఎవరన్న పక్కనుండి యాది జెయ్యాలె. నువ్వు వీపు నిమురుకుంట ఉండు" అంది. నిమురుతూ కూర్చున్నాను. జోలపాటలు నాకు రావు. మా బాపు వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టేవాడు. నోటికి అదే వచ్చింది. లాభం, రెండు, మూడు అంటూ మెల్లగా రాగం తీశాను.

"గిదేం పాట తమ్మీ?"

"పాట గాదు సిస్టర్, లెక్క."

"ఎంతదాంక అయింది?"

"డెబ్బై రెండు."

"నూరు మూడుసార్లు గానీ. గప్పుడు లేపుత."

ఆ రోజు నుంచి రోజూ నాకు అదే పని. పన్నెండో రోజున తూకం మళ్లింది, పది గ్రాములు పెరిగింది. ఆ పది గ్రాములకు నేను వార్డు బయట కనబడ్డవాళ్లందరికీ చాయ్ తాగించాను. తర్వాత ఒకరోజు పాప పొట్ట ఉబ్బి పాలు ఆపేశారు. నేను మళ్లీ గోడకు ఆనుకున్నాను. "నాలుగు దినాలు ముంగటికి పోతె ఒక్కనాడు ఎనుకకు వస్తరు, ఈ పిల్లల నడకే గింత" అని సిస్టర్ నన్ను లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. రెండు రోజులకు పాలు మొదలయ్యాయి. పైపు పోయి ఉగ్గుగిన్నె వచ్చింది. గిన్నె ఆలస్యమైతే మా పాప వార్డంతా లేచేట్టు ఏడ్చేది. "పిట్ట కొంచెం కూత ఘనం, బాపు పోలికే" అని సిస్టర్ మురిసిపోయేది. కొత్తగా వచ్చిన తండ్రులను నా ముందుకు తెచ్చి, "గీయన కాంటా జూస్తనని కిలో రాయి దెచ్చిండు, గిప్పుడు జూడుర్రి ఎట్ల కూసున్నడో" అని చెప్పేది. పరువు పోయిందని నాకెప్పుడూ అనిపించలేదు. ఒకసారి నలుగురు తండ్రులం వరుసగా రొమ్ముల మీద పిల్లలతో కూర్చున్నాం. అంత సంతోషంగా మగవాళ్లు అంతసేపు ఊరికే కూర్చోవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ముప్పై ఆరో రోజున ఇంటికి పంపారు. కంటి పరీక్షకు, చెవి పరీక్షకు ఎప్పుడు రావాలో సిస్టర్ నాతో రెండుసార్లు అప్పజెప్పించుకుంది. మా వెన్నెల ఇప్పుడు ఒకటో తరగతి. సిస్టర్ రిటైరై సుల్తానాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. ఈద్‌కు పోతే వెన్నెలకు ఒక గిన్నె, నాకు అర గిన్నె సేమ్యా పోస్తుంది. జుర్మానా ఇంకా తీరలేదట.

ఈ వానాకాలం మా యార్డు హమాలీ ఓదెలు భార్య నెలలు నిండకముందే కన్నది. అదే వార్డు. చూడ్డానికి పోయాను. నూరు కిలోల బస్తాను ఎత్తి పడేసే మనిషి, అద్దం ఇవతల చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. "అన్నా, కిలో నూటయాభైయే" అన్నాడు. నేను తూకం మాట ఎత్తలేదు. చేతులు కడిగించాను, ఉంగరం తీయించాను. అక్కడున్న సిస్టర్లను అడిగి, సరేననిపించుకుని, వాడి అంగీ గుండీలు నేనే విప్పాను. బిడ్డను పడుకోబెట్టి గుడ్డ చుట్టాక బయటికి వచ్చి షాహీన్ సిస్టర్‌కు ఫోన్ చేశాను. ఓదెలుకు కొడుకు పుట్టాడని, రెండు నెలలు తక్కువని చెప్పాను. బరువెంతని ఆమె అడగలేదు.

"బాపు ముట్టిండా?" అంది.

అద్దంలోంచి చూశాను.

"ముట్టిండు సిస్టర్" అన్నాను. "ఇగ లెవ్వుమన్న లేసేటట్టు లేడు."