ఇంటిపేరు వేరైన మాత్ర

2014 ఆగస్టు 11, సోమవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు నరసన్నపేటలోని మా బావ మందుల దుకాణంలో కూర్చుని నేనొక మాత్ర మింగాను. కాలి మడమలో ముల్లు విరిగి చీము పట్టి అప్పటికి నాలుగు రోజులు.

తొందరపడి మింగలేదు. ఐదేళ్ల క్రితం అమాక్సిసిల్లిన్ వేసుకున్న గంటకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఆ పేరు నా జేబు డైరీ మొదటి పుటలో రాసి ఉంది. బావ ఇచ్చిన అట్ట మీద పేరు సెఫాడ్రాక్సిల్. రెండింటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చాను.

“ఏటి బామ్మర్దీ, పెళ్లిసంబంధం సూస్తన్నట్టు సూస్తన్నావు?” అన్నాడు బావ. “ఇంటిపేరు వేరు. సుట్టరికం లేదు. మింగీ.”

పోలిక కుదరలేదు కనుక మింగాను.

రెండు ముప్పైకి అరచేతులు దురద పెట్టాయి. రెండు ముప్పై ఐదుకు పెదవులు మొద్దుబారాయి. ఈ సమయాలు రాసుకుంటుండగా బావకు భోజనం తెచ్చిన మా అక్క నన్ను చూసింది.

“నీ డైరీ తగలెయ్య! మొకం పనసకాయలాగయిపోతన్నాది, ఇంకా ఏటి రాస్తన్నావురా?”

జవాబు చెప్పడానికి గొంతు సహకరించలేదు. పీల్చిన ప్రతి ఊపిరీ ఈల వేసింది. బావ దుకాణం తెరిచే వదిలేసి నన్ను ఆటోలో దగ్గరి ఆసుపత్రికి చేర్చాడు. తొడకు ఇంజక్షన్ ఇచ్చారు. వేలు వాచి నల్లబడుతోందని నర్సు నా పెళ్లి ఉంగరాన్ని కత్తిరించింది. మూడు ఇరవైకి ఊపిరి సరిగా ఆడింది. ఈ సమయం బావ చెప్పినది, నా కలం దుకాణంలోనే ఉండిపోయింది.

డాక్టరమ్మ మాత్రల అట్ట చూసి బావ వైపు తిరిగింది.

“ఈయనకి అమాక్సిసిల్లిన్ పడదని తెలుసా?”

“తెలుసమ్మా. ఇంటిపేరు వేరు, సుట్టరికం లేదు గదా అని ఇచ్చీసినాను.”

“మేనత్త కొడుక్కీ మేనమామ కొడుక్కీ ఇంటిపేర్లు వేరే. సుట్టరికం లేదంటారేటి?”

రెండు మందుల అణువుల నిర్మాణంలోనూ పక్కనుండే గొలుసు ఒకటేనని, నా ఒళ్లు గుర్తుపట్టింది దానినేనని ఆమె వివరించింది. సెఫాడ్రాక్సిల్ కుటుంబమంతా నాకు శత్రువు కాకపోవచ్చు. అయితే అది పరీక్షించి డాక్టర్లు తేల్చవలసిన విషయం, దుకాణంలో తేల్చేది కాదు. మడమకు క్లిండామైసిన్ మాత్రలు రాసిచ్చింది.

“దీనికీ దానికీ ఏటీ కలవదు గదమ్మా?” అని బావ మూడుసార్లు అడిగాడు.

పోయినవి: ఒక ఉంగరం, ఒక మధ్యాహ్నం, అక్షరాల పోలిక మీద నాకున్న నమ్మకం, డాక్టరు చీటీ లేకుండా మందిచ్చే బావ అలవాటు. మిగిలినవి: మడమ, ఊపిరి.