మండీ గ్రూపులో పెట్టిన ఫోటో

కుప్పంలో నేను పాఠాలు చెప్పే యూనివర్సిటీలో నా వెనకాల నన్ను ‘చందాల మేడమ్’ అంటారు. మొదట్లో ఆ మాట చెవిన పడితే లోలోపల పొంగిపోయేదాన్ని కూడా. తండ్రి పోయో, పంట పోయో, ఉన్నట్టుండి చదువు ఆగిపోయే పిల్లలు ఏటా ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఫీజుకో, మెస్ బిల్లుకో నలుగురినీ అడిగి సర్దేదాన్ని. అడగడానికి నాకు సిగ్గు లేదు. మా అమ్మ కూలి చేసి నన్ను చదివించింది. అడగనిదే అమ్మయినా పెట్టదని ఆమే చెప్పేది.

మా ఊరు మదనపల్లె. నాతో బడిలో చదివినవాళ్ళు కొందరు ఇప్పుడు టమాటా మార్కెట్లో మండీలు, అంటే కమీషన్ కొట్లు, నడుపుతున్నారు. ఫోన్ చేస్తే చాలు, ఎంత పంపమంటావు అనేవాళ్ళు. వాళ్ళకు కావలసిందల్లా ఒక ఫోటో. చెక్కు పట్టుకున్న పిల్ల, పక్కన నేను, వెనక మండీ పేరున్న ఫ్లెక్సీ. మార్కెట్ వాట్సాప్ గ్రూపులో అది పడగానే ఇంకో ఇద్దరు మేమూ ఇస్తామని ముందుకొచ్చేవాళ్ళు. గ్రూపు నిండా దండాలు, చప్పట్లు. అవి నాకూ తీపిగానే ఉండేవి. ఇప్పుడు దాచి లాభమేముంది?

నేను చెప్పబోయే అమ్మాయిది పుంగనూరు దగ్గర పల్లె. ఎమ్మెస్సీ చివరి సంవత్సరం. ఒకటికి రెండుసార్లు అడిగి గానీ ఏదీ నోట్సులో రాసుకోదు. సరిగ్గా కోతల సమయానికి వానలు పట్టుకుని, వాళ్ళ టమాటా చెట్టుమీదే పగిలిపోయింది. మెస్ బిల్లు ఆగిపోయిందని, పరీక్ష ఫీజు గడువు దగ్గరపడిందని ఆమె స్నేహితురాలు చెబితే నేనే పిలిపించాను. సాయం అందుతుందనగానే కళ్ళు తుడుచుకుంది. ఫోటో మాట ఎత్తగానే తల దించుకుంది.

“ఫోటో వద్దు మేడమ్. మా నాయన కాయ తోలేది మదనపల్లె మార్కెట్టుకే. ఆడ అందరూ తెలిసినోళ్ళే.”

“తెలిసినోళ్ళయితే ఇంకా మంచిది కదమ్మా, అయ్యో పాపం అంటారు,” అన్నాను.

ఎంత తెలివితక్కువ మాట! నారుకూ ఊతకట్టెలకూ మందులకూ రైతుకు ముందుగా డబ్బిచ్చేది మండీవాళ్ళే. పంట వచ్చాక రైతు ఆ మండీకే కాయ తోలాలి. దీనికి కాగితం, సంతకం ఏమీ ఉండవు. ఈ మనిషి నిలబడగలడు అన్న నమ్మకం ఒక్కటే. చిన్నప్పటి నుంచి కళ్ళారా చూసిన పద్ధతి ఇది. ఆ నిమిషాన నాకు గుర్తు రాలేదు. అసలు గుర్తు తెచ్చుకోవాలనే అనుకోలేదేమో. ఫోటో తీయించాను. ‘పంట పోయి దిక్కుతోచని రైతు బిడ్డకు చేయూత’ అని కింద నా చేత్తో నేనే రాసి గ్రూపుకు పంపాను.

మూడు వారాలకు ఆమె తండ్రి నా గదికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. కూతురు బ్యాగు పట్టుకుని బయట వరండాలో నిలబడింది.

“పాపకు టీసీ కావల్లమ్మా,” అన్నాడు.

“ఒక్క సెమిస్టరే కదప్పా ఉండేది. ఫీజు కూడా కట్టేసినాం. యాల మాన్పిస్తాండారు?”

“మీరు మంచికే చేసినారు. మిమ్మల్ని అనేదానికి రాలేదు. పదైదేండ్లుగా ఒకే మండీకి కాయ తోలతాండా. నారుకు అడ్వాన్సు అడిగితే ఆ మండీ ఆయప్ప ఫోన్లో ఆ ఫోటో సూపిచ్చి, ‘బిడ్డ సదువుకే సందా ఎత్తించుకుంటాండావు, నాకు యాడ తెచ్చి కడతావప్పా’ అన్నాడు. ఇంగో నాలుగు మండీలు తిరిగినా. అందరి ఫోన్లలోనూ ఉండాది. ఇంగ పంట పెట్టేదెట్ల? ఇల్లు జరగల్ల కదా. పాప బెంగుళూరులో గార్మెంట్సు పనికి పోతానంటాది.”

“నేను ఫోన్ చేసి మాట్లాడతా.”

“ఏమని మాట్లాడతారమ్మా? మాకాడ దుడ్లు ఉండాయనా?”

చేతిలోకి తీసుకున్న ఫోన్ మళ్ళీ బల్ల మీద పెట్టేశాను. మంచికి పోతే చెడు ఎదురైందని సరిపెట్టుకుందామని చాలాసార్లు చూశాను. కుదరలేదు. నేను పోయింది ఒక్క మంచికే కాదు, పదిమందీ మెచ్చుకుంటారని కూడా. ఇప్పుడు ఫోటో లేకుండానే అడుగుతున్నాను. ఇచ్చేవాళ్ళు తగ్గారు. తగ్గితే తగ్గనీ, మిగిలినవాళ్ళతోనే ఈడ్చుకొస్తున్నాను. కానీ ఆ అమ్మాయి డిగ్రీ మాత్రం అక్కడే ఆగిపోయింది.

ఆ రోజు టీసీ కాగితం తండ్రి చేతికిచ్చి వరండాలోకి వచ్చాను. తప్పు నాదేనమ్మా అన్నాను. ఆమె నా మీద కోప్పడినా బాగుండేది.

“లేదు మేడమ్, నేనే ఇంగోసారి గట్టిగా వద్దనుండాల్సింది,” అంది. “మీరు సాయం చేస్తాండారు కదా, మళ్ళీ అనేదానికి నోరు రాలేదు.”