అత్త వదులుకున్న సీటు

మా పక్కింటి అత్త పోయింది. కాలేజీలో ఓపెన్ డే పనుల్లో ఉండగా మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త లేదే. తెల్లారి లేపితే లేవలేదు" అన్నాడు. అప్పుడు నా చుట్టూ పిల్లలు బెంచీలు సర్దుతున్నారు, ఎవరో గుమ్మానికి రంగు కాగితాలు కడుతున్నారు. పని ఆపమని వాళ్ళకి చెప్పాలని కూడా తోచలేదు. ద్వారకా నగర్ దాకా ఒక బస్సు, అక్కడినుంచి ఇంకొకటి పట్టుకుని మేం పుట్టిపెరిగిన జాలర్ల పేటకి చేరేసరికి అత్తని వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. ఆమెకి యాభై కూడా నిండలేదు.

అత్తకీ మాకూ రక్తసంబంధం లేదు. సముద్రం ఒడ్డున మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఒకే గోడకి అటూ ఇటూ ఉండేవి. మా నాన్నని అన్నా అని పిలిచేది కాబట్టి నాకు అత్త. మా అమ్మతో పాటు చేపల గంప నెత్తిన పెట్టుకుని కాలనీలకి వెళ్ళేది. సాయంత్రం ఇంటికొచ్చాక అందరూ నడుం వాలిస్తే, తను మాత్రం ఎవరిదో పంపు స్టవ్వు ముందేసుకుని కూర్చునేది. పిన్నుతో పొడిచి, ఊది, వాషరు మార్చి వెలిగించేది. నీలిమంట గుండ్రంగా లేచినప్పుడు చంటిపిల్లని చూసినట్టు చూసేది. ఇంటాయన బోటు ఇంజినంటే ఇంకా ఇష్టం. కానీ మా పేటలో ఆడవాళ్ళు బోటు మీద చెయ్యి వెయ్యకూడదనేవారు. ఆయన ఇంజిను విప్పుతుంటే కాస్త దూరంలో ఇసుకలో కూర్చుని చూస్తూ ఉండేది.

తొంభైల మొదట్లో మా వీధిలోకి మైకు కట్టుకున్న ఆటో ఒకటి వచ్చింది. గాజువాక వైపున్న ఒక కాలేజీలో ఓపెన్ డే అనీ, చేతిపని కోర్సులన్నీ చూపిస్తారనీ, ఎవరైనా వచ్చి స్వయంగా చేసి చూడొచ్చనీ చెప్పుకుంటూ పోయింది. నాకు అప్పుడు పదహారేళ్ళు. పది తప్పి ఇంట్లో ఉన్నాను. అమ్మకి నడుంనొప్పి మొదలవడంతో ఆమె గంప నేను మోస్తున్నాను.

"ఎల్దామేటే గుంటా?" అంది అత్త.

"మనల్ని రానిత్తారేటత్తా?"

"అడిగితే ఏటైపోద్ది? కొడతారేటి?"

ఆ మాట ఆమె నోట రోజుకి ఒకసారైనా వచ్చేది. బస్సు కండక్టరుతోనైనా, కాలనీల్లో గేటు తియ్యని వాచ్‌మన్‌తోనైనా, ఆమె ధైర్యమంతా ఆ ఒక్క మాటలోనే ఉండేది.

నేను కుట్టుపని చూద్దామని వెళ్ళాను. ఒక గదిలో అమ్మాయిలు మిషన్ల మీద లంగా కుడుతున్నారు, పక్క గదిలో బొమ్మని మంచం మీద పడుకోబెట్టి కట్టు కట్టడం చూపిస్తున్నారు. ఇంకోచోట బన్నులు కాలుస్తుంటే వాసనకే జనం మూగారు. నేను అక్కడ నిలబడిపోయాను. కాసేపటికి చూస్తే అత్త లేదు.

వెనక రేకుల షెడ్డులో దొరికింది. నీళ్ళు నింపిన పెద్ద డ్రమ్ముకి ఒక బోటు ఇంజిను బిగించి ఉంది. మాస్టారొకాయన స్పార్క్ ప్లగ్ విప్పి పట్టుకుని, "ఇది మసి పట్టింది. శుభ్రం చేసి, బిగించి, స్టార్ట్ చేసేవాళ్ళెవరు?" అని అడుగుతున్నాడు. మగపిల్లలు ఒకరినొకరు తోసుకుంటున్నారు. అత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ముందుకెళ్ళింది. "నాను సేత్తానండి" అంది.

చేపల వాసనకి పక్కనున్నవాళ్ళు కొంచెం జరిగారు. ఆమె గమనించిందో లేదో తెలియదు. ప్లగ్గుని గరుకు కాగితంతో రుద్దింది, వెలుతురుకి ఎత్తి చూసింది, మళ్ళీ రుద్దింది. పాన ఎటు తిప్పాలో మాస్టారు ఒకసారి చూపిస్తే చాలింది. బిగించి తాడు లాగింది. పలకలేదు. ఇంకోసారి లాగింది. మూడోసారికి ఇంజిను అందుకుని డ్రమ్ములో నీళ్ళు పైకి చిమ్మాయి. అందరం తడిశాం. అత్త తాడు వదలకుండా, నోరు తెరిచి, శబ్దం లేకుండా నవ్వుతోంది. ఆమెని అలా నేను అంతకుముందు చూడలేదు.

జనం పల్చబడ్డాక మాస్టారు అడిగాడు. "ఏం చదువుకున్నావమ్మా?"

"ఎనిమిది పేసయ్యానండి" అంది వెంటనే, బళ్ళో పిల్ల చెప్పినట్టు.

"అది చాలు. ఏడాది కోర్సు. ఆడవాళ్ళకని ఉంచినవాటిలో ఒక్క సీటే మిగిలింది. నీ పేరు రాయమంటావా?"

అత్త ఇంజిను వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నా తల మీద, గంప చుట్టకుదురు ఒత్తుకుపోయిన చోట, జుట్టు అణిగి ఉండేది. ఆమె చూపు అక్కడ ఆగింది.

"నాకెందుకు బాబూ. దీనికి రాయండి" అంది.

నాకు ఇంజిన్లంటే ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. ఆ సీటు ఎవరికి కావాలో అక్కడున్న అందరికన్నా నాకే బాగా తెలుసు. అయినా "వద్దత్తా, నువ్వు చేరు" అనలేదు. గంప తప్పుతుందన్న ఒక్క ఆలోచనే వచ్చింది నాకు.

నాన్న ఒప్పుకోలేదు. "ఆడపిల్లకి ఇంజినేటే? రేపు దీన్ని ఎవడు సేసుకుంటాడు? మరి దాని గంప ఎవుత్తి మోత్తాది?" అని అరిచాడు.

"గంప నాను మోత్తానన్నా. ఒకేడు పంపు. బాగోపోతే ఆ పాపం నా మీదెయ్యి" అంది అత్త.

అన్నట్టే ఏడాదంతా మోసింది. పొద్దున్న తన గంప అమ్ముకుని వచ్చి, మళ్ళీ మా అమ్మ గంప ఎత్తుకుని వెళ్ళేది. నేను చేతులూపుకుంటూ కాలేజీ బస్సెక్కుతుంటే ఎదురుగా నడిచొస్తూ, తల తిప్పలేక కళ్ళతోనే పలకరించేది. సాయంత్రం గోడ అవతలనుంచి కేకేసేది. "ఏటే, ఈయేల ఏటి నేర్పారు?"

మొదట్లో అన్నీ చెప్పేదాన్ని. పిస్టను ఎలా కదులుతుందో అగ్గిపెట్టెతో చేసి చూపించాను. ఆమె నాచేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది. రానురాను నాకు విసుగొచ్చింది. "నిన్నటిదేలే అత్తా" అనేదాన్ని. "అలాగేటి" అని ఊరుకునేది. రోజంతా రెండు గంపలు మోసిన మనిషి అడిగింది ఆ కాసిని కబుర్లే. ఇప్పుడు నిద్ర పట్టనప్పుడు చెవిలో వినపడేది ఆ "అలాగేటి."

కోర్సు అయ్యాక ఫిషింగ్ హార్బరు దగ్గర ఒక షెడ్డులో పనిచేశాను. పేటలో నన్ను వెక్కిరించినవాళ్ళే తర్వాత ఇంజిను మొరాయిస్తే మా ఇంటికి వచ్చేవారు. కొన్నేళ్ళకి చదివిన కాలేజీలోనే నేర్పే ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది, మధురవాడలో ఇల్లు తీసుకున్నాం. అత్త గంప మోస్తూనే ఉంది. మంచుగడ్డల్లో చేపలు తీసి తీసి ఆమె వేళ్ళు కొయ్యముక్కల్లా బిగుసుకుపోయాయి. మెడ ఒక పక్కకి వాలిపోయింది. ఎముకలు అరిగి వచ్చిందని డాక్టరు అన్నారట. ఆ మెడ చూసినప్పుడల్లా నాకు మాత్రం మా అమ్మ గంపే కనిపించేది.

ఏటా ఓపెన్ డేకి రమ్మనేదాన్ని. "ఇప్పుడెందుకే" అనేది. మూడేళ్ళ కిందట నేనే వెళ్ళి పట్టుబట్టి తీసుకొచ్చాను. షెడ్డులో ఇంజిను ముందు స్కూలు పిల్లలు వరసలో ఉన్నారు. అత్తని కూడా వరసలో నిలబెట్టాను. ఆమె వంతు వచ్చింది. ప్లగ్గు తుడవడానికి వేళ్ళు వంగలేదు, అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. తాడు పట్టుకుంటే జారిపోయింది. రెండుసార్లు లాగింది. మూడోసారి లాగకుండానే పక్కకి తప్పుకుని, వెనకున్న పిల్లకి తాడు అందించింది.

"ఇదిగో, నువ్వు లాగమ్మా. నాకెందుకు."

 ఆ పిల్ల చేతిలోంచి తాడు తీసుకున్నాను. "లేదత్తా. నీ వంతు అవలేదు. లాగు" అన్నాను. నా గొంతు గట్టిగానే వచ్చింది.  అత్త నా చేతిలోంచి తాడు అందుకుంది. దాన్ని మణికట్టుకి చుట్టుకుంది, కాలు డ్రమ్ముకి తన్నిపెట్టి, ఒళ్ళంతా వెనక్కి వేసి లాగింది. ఇంజిను అందుకుంది. పిల్లలు తడిసి కేకలు పెట్టారు.

సాయంత్రం బస్సు స్టాపులో నిలబడ్డాం. స్టీల్ ప్లాంటు షిఫ్టు వదిలారు, రోడ్డంతా సైకిళ్ళు, స్కూటర్లు. అత్త రోడ్డు వైపే చూస్తూ అంది.

"ఆయేల ఆ సీటు నాకు ఎంత కావాలనిపించిందో నీకు తెల్దు."

"తెలుసత్తా."

మెడ తిరగదు కాబట్టి మనిషంతా నా వైపు తిరిగింది. "తెలుసా? తెలిసే ఊరుకున్నావేటే?"

నేను నేల చూశాను. అత్త నవ్వింది. కోపంగా కాదు, ఎగతాళిగానూ కాదు. "పోన్లే. పదారేళ్ళ గుంటవి. ఊరుకోక ఏటి సేత్తావు" అంది. క్షమించిందని నాకు తెలుసు. దానివల్ల నా బరువు ఇసుమంత కూడా తగ్గలేదు.

బస్సొచ్చింది. షెడ్డులో చేతులు కడుక్కోమన్నా వద్దంది, ఆ నూనె మరకలతోనే ఎక్కింది. చీరకి అంటుకోకుండా రెండు చేతులూ గాల్లోకి ఎత్తి పట్టుకుంది. కండక్టరు టిక్కెట్టు అడిగితే, నడుం దగ్గరున్న సంచిలో డబ్బులు తీసుకోమని పక్కసీటు ఆమెకి గడ్డంతో చూపిస్తోంది. బస్సు కదిలినా నేను స్టాపులోనే నిలబడ్డాను. వెనక అద్దంలోంచి చాలాసేపు కనిపించాయి, వంగని వేళ్ళతో, మెరుస్తున్న నల్లటి ఆ రెండు చేతులు.