ఫాలెసి ఏడవాల్సిన ఏడుపు

న్చేవు రోడ్డు మీద మినీబస్సులు ఆగే చోట నేను ఎండుచేపలు అమ్ముతాను. నా పక్క గోనె మీద ఫాలెసి మండాసి అమ్మేది. మైదాపిండి ఉండలు నూనెలో వేయించి పొద్దున్నే వేడివేడిగా తెచ్చేది. నా చేపల కంపు తన మండాసికి అంటుతోందని ఒక్కనాడూ నాతో పేచీ పెట్టుకోలేదు. అసలు ఎవరితోనూ పేచీ లేని మనిషి. అలాంటివాళ్లంటే నాకు కాస్త చిరాకే. పోట్లాడని మనిషిని ఎక్కడ పట్టుకుని దగ్గరికి లాక్కుంటాం?

ఆమెకు వెనకా ముందూ ఎవరూ లేరు. పెంచిన అమ్మమ్మ పోయింది. కట్టుకున్నవాడు పిల్లలు కలగడం లేదని గొడ్డలీ దుప్పటీ చంకన పెట్టుకుని తన అక్కచెల్లెళ్ల ఊరికి వెళ్లిపోయాడు. ఆ తర్వాతే ఆమె మా ఊరికి వచ్చి ఒక గది అద్దెకు తీసుకుంది. ఆమెకున్న పట్టుదల ఒక్కటే, నర్సు కావాలని. బడి చివరి పరీక్షలో అన్నీ పాసై జీవశాస్త్రం ఒక్కటే తప్పింది. అది లేనిదే నర్సుల స్కూల్లో గుమ్మం ఎక్కనివ్వరు. వయసు దాటినా ఎక్కనివ్వరు. ఆ ఏడాది కట్టిన పరీక్షే ఆమెకు ఆఖరిది.

పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా బట్టీ కొట్టేది పాపం. చివరికి వచ్చేసరికి మొదటిది ఎగిరిపోయేది. రోజూ మండాసి కొనుక్కునే టీచర్ ట్రైనింగ్ అమ్మాయి ఒకతె అది చూసి నవ్వింది.

"అలా అయితే నీకు గడ్డం వచ్చినా రాదక్కా. ఒక్కో ముక్క ఒక్కో అట్ట మీద రాయి. ఇటు ప్రశ్న, అటు జవాబు. తెలియనిదాన్ని రోజూ అడుక్కో. తెలిసినదాన్ని నాలుగు రోజులు వదిలెయ్, సరిగ్గా మర్చిపోబోతుండగా మళ్లీ అడుక్కో. అప్పుడు ఒంటబడుతుంది."

ఫాలెసి సబ్బుల అట్టపెట్టెలన్నీ కత్తిరించింది. కూల్‌డ్రింకు సీసాలు పెట్టే గళ్ల పెట్టె ఒకటి సంపాదించింది. అందులో ఒక వరసలో ఐదు గళ్లు తీసుకుంది. కొత్త అట్టలన్నీ మొదటి గడిలో ఉంటాయి, వాటికి రోజూ పరీక్షే. జవాబు చెప్పగలిగితే అట్ట రెండో గడికి వెళ్తుంది, దానికి రోజు విడిచి రోజు. అలా జరుగుతూ జరుగుతూ ఐదో గడికి చేరినదాన్ని నెలకోసారి పలకరిస్తే చాలు. ఎక్కడ తప్పినా సరే, మళ్లీ మొదటి గడికి రావాల్సిందే.

పద్ధతి బాగానే ఉంది. కానీ తనను తానే అడుక్కునే చోట దొంగతనం జరుగుతుంది. జవాబు చూశాక, ఆ, ఇది నాకు తెలిసిందే కదా అనిపిస్తుంది. అడగడానికి ఎదురుగా ఒక మనిషి కావాలి. ఫాలెసికి ఆ ఒక్క మనిషే కరువు. నన్నడిగింది. నా చేతులు చూపించాను, అట్టలన్నీ చేపల కంపు కొడతాయని. ఇంకెవరినీ అడిగినట్టు లేదు. సాయంత్రాలు గది ముందు ఒక్కతే కూర్చుని అట్టలు కలుపుతూ, తిప్పుతూ, తనలో తను గొణుక్కునేది.

అది చూసి ఊళ్లో జూదం అన్నారు. ఒంటరి ఆడది, చేతిలో ముక్కలు, పెదాల మీద లెక్కలు. ఇంకేం కావాలి? మా చర్చి సంఘపెద్ద గ్వాజా కోటు వేసుకుని మరీ మందలించడానికి వెళ్లాడు. వినోదం చూద్దామని నేనూ వెళ్లాను.

"అమ్మాయ్, దేవుడి బిడ్డవి. ముక్కలాడతావా?"

"ముక్కలు కాదయ్యా, పాఠాలు. కావాలంటే ఒకటి తీసి అడగండి" అంది ఫాలెసి. ఆ గొంతులో ఆశ నాకు ఇప్పటికీ గుర్తుంది.

గ్వాజా మధ్యలోంచి ఒకటి లాగి, కళ్లజోడు సర్దుకుని, ప్రార్థన చదివే గొంతుతో మొదలుపెట్టాడు. "వృషణాల... పని..." అని ఆగాడు. చెవుల దాకా చెమట పట్టింది. ఫాలెసి మాత్రం గడగడా జవాబు మొదలుపెట్టేసింది. ఆయన అట్టను చాప మీద బోర్లా పెట్టి, "సరే, సరే, చదువు మంచిదే" అంటూ లేచిపోయాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కితే ఒట్టు.

చూస్తున్న మా నవ్వుల చప్పుడుకి బయటికొచ్చింది పక్కింటి నంబేవె అవ్వ. ఒక్క అక్షరం రాదు. నలుగురు పిల్లల్ని కని నలుగుర్నీ తన చేతులతోనే మట్టిలో పెట్టిన మనిషి. నోరు మాత్రం పదునుగా ఉండేది. వచ్చి ఫాలెసి ఎదురుగా చతికిలబడింది.

"ఇటియ్యవే. నేనడుగుతా."

"నీకు చదవడం రాదు కదవ్వా."

"అట్ట చదవడం రాదు. నీ మొహం చదవడానికి బడికెళ్లాలా? ప్రశ్న నీవైపు తిప్పి పట్టుకుంటా. నువ్వు చెప్పు. అబద్ధమాడితే నాకు తెలుస్తుంది."

అప్పటినుంచి సాయంత్రాలు అవ్వ అరుగు మీదే. అవ్వ అట్ట ఎత్తి పట్టుకునేది. ఫాలెసి మూత్రపిండాల గురించో, ఆకుల్లో పచ్చదనం గురించో చెప్పేది. అవ్వ కళ్లు చిట్లించి ఆమె మొహమే చూసేది. "ఊహూఁ. మధ్యలో మింగావు. నీకు రాదు." అట్ట వెనక్కి తిప్పి చూస్తే ఎక్కువసార్లు అవ్వదే పైచేయి. గళ్లకు కూడా అవ్వే పేర్లు పెట్టింది. మొదటిది ఒళ్లో పిల్ల. రెండోది పాకే పిల్ల. మూడోది నడిచే పిల్ల. నాలుగోది నీళ్లకెళ్లే పిల్ల. ఐదోది పెళ్లైన పిల్ల. పెళ్లైన గడిలోంచి ఏదైనా తప్పి మొదటి గడికి వస్తే ఫాలెసి తల పట్టుకునేది, అవ్వ మాత్రం తెగ సంబరపడిపోయేది.

"రానీ, రానీవే. ఒళ్లోకి తిరిగొచ్చిన పిల్లను తిడతారా?"

ఆ మాట అన్నప్పుడు అవ్వ ఏ పిల్లల్ని తలుచుకునేదో మాకందరికీ తెలుసు. ఎవరూ అడిగేవాళ్లం కాదు.

మా దేశంలో అక్టోబరంటే నడి ఎండాకాలం. ఎండలు ముదిరాయి, పరీక్షలు దగ్గర పడ్డాయి. అవ్వకు జ్వరం తగిలి మంచం పట్టింది. మంచంలోంచే అట్టలు పట్టుకునేది, చెయ్యి వణికితే రెండో చేత్తో పట్టుకునేది. నేను గంజి తీసుకెళ్లిన రోజు ఆ మాట విన్నాను.

"ఒసే ఫాలెసీ, నేను పోతే నాకోసం ఏడవడానికి నా కడుపున పుట్టినవాళ్లు లేరు. ఊరోళ్లు పాటలు పాడతారు, చిక్కుడుగింజలతో న్సీమా, ఆ మొక్కజొన్న ముద్ద, తింటారు, పోతారు. నువ్వేడవాలి. ముక్కు చీదడం కాదు. నేల మీద పడి, నా తల్లోయ్ అని, రోడ్డు దాకా వినపడేట్టు."

"ఏడుస్తానవ్వా. ఇప్పుడెందుకా మాటలు?"

"మాటియ్యి."

ఫాలెసి మాటిచ్చింది.

అవ్వ పోయింది. మర్నాడే జీవశాస్త్రం పరీక్ష.

మా దగ్గర పద్ధతి మీకు చెప్పాలి. సొంత మనిషి ఒకసారి గొంతెత్తి ఏడ్చిందంటే శవం పక్కన చాప మీద కూర్చోవాలి. పూడ్చేదాకా లేవకూడదు. పూడ్చి వచ్చాక ఇక గొంతెత్తకూడదు, ఏడుపు అక్కడితో సరి. ఫాలెసి మా ఊరి పెద్దయ్య కాళ్ల దగ్గర మోకాళ్లూని బతిమాలింది. పరీక్ష పట్నంలో ఉంది, పొద్దున రాసేది, మధ్యాహ్నం ప్రయోగం చేసి చూపించేది, సాయంత్రానికి వచ్చేస్తాను, అప్పటిదాకా ఆపండి అని. పెద్దయ్య చెడ్డవాడేం కాదు. ఆయనకూ ఇబ్బందిగానే ఉంది.

"ఎండ చూశావా తల్లీ? సాయంత్రం దాకా ఎలా ఉంచను? మధ్యాహ్నం ఎత్తాల్సిందే."

పొద్దున్నే అందరం చావింట్లో ఉన్నాం. ఆడవాళ్లం లోపల పాటలు పాడుతున్నాం, మగవాళ్లు బయట గొయ్యి తవ్వేవాళ్లకోసం పారలు వెతుకుతున్నారు. శవం పక్కన సొంతవాళ్లు కూర్చునే చాప ఖాళీగా ఉంది. ఫాలెసి వచ్చింది. తలమీద పళ్లెంలో, చావింటికి ఎవరైనా తెచ్చే మొక్కజొన్న పిండి. ఒంటిమీద పరీక్షకని వేసుకున్న తెల్ల చొక్కా, ఇస్త్రీ చేసిన స్కర్టు. పిండి నాచేతికిచ్చింది. శవం దగ్గరికి వెళ్లి దుప్పటి అంచు సవరించింది. పాట ఆగిపోయింది. అందరం ఆమె నోటికేసి చూస్తున్నాం.

ఆమె పళ్లు బిగించుకుని లేచింది. నా చెవి దగ్గరకొచ్చి, "ఇప్పుడు నోరు తెరిస్తే లేవలేనక్కా" అంది.

బయటికి నడిచింది. గ్వాజా పెళ్లాం గుమ్మంలోంచి కేకేసింది. "ఒక్క చుక్కైనా రాలలేదేమే? అదీ మార్కులకే దాచుకున్నావా?" ఫాలెసి వెనక్కి తిరగలేదు. మినీబస్సు హారన్ విన్నాం. నాకు వచ్చింది కోపమో జాలో నాకే తెలియదు. పాట మళ్లీ అందుకున్నాం.

సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి గిన్నెలు కడుగుతున్నాం. ముంగిట్లో నిలబడింది. ఎవరూ మంచినీళ్లు ఇవ్వలేదు.

"ఏమడిగారు పరీక్షలో? మనుషుల గురించి ఏమైనా అడిగారా?" అంది గ్వాజా పెళ్లాం.

ఫాలెసి నోరు తెరిచింది. ఇప్పుడు ఏడుస్తుంది అనుకున్నాను. చీకటి పడింది, పూడ్చడం అయిపోయింది, ఏడవడానికి వీల్లేదు. నోరు మూసుకుని తన గదికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె మండాసి ఎవరూ కొనలేదు. నేను కొనేదాన్ని. అందులో నా గొప్పేం లేదు, నాకు మండాసి అంటే ప్రాణం. మిగిలినవి చల్లారిపోయి గంపలోనే ఉండేవి. తను అలాగే కూర్చునేది, లేచి పోయేది కాదు. ఫలితాలు వచ్చిన రోజు నా గోనె దగ్గరికొచ్చి, "పాసయ్యానక్కా" అంది. మంచిదే అన్నాను. ఇంకా ఏదో అంటానేమోనని కాసేపు నిలబడింది. ఈలోగా చేపల బేరం వచ్చింది.

మా దగ్గర ఎవరు వెళ్తున్నా కొంత దూరం తోడు నడిచి సాగనంపుతాం. పగవాడినైనా సరే. ఫాలెసి నర్సుల స్కూలుకని మూట నెత్తిన పెట్టుకుని వెళ్తుంటే వెంట ఒక్క కాలూ కదలలేదు. నేను కూర్చునేదే బస్సు దగ్గర కాబట్టి కూర్చున్నచోటి నుంచే చెయ్యి ఊపాను. మనిషి అంత ఒంటరిగా బస్సెక్కడం నేను మళ్లీ చూడలేదు.

ఏళ్లు గడిచాయి. చేపల కోసం సరస్సు ఒడ్డుకి వెళ్లినదాన్ని అక్కడే మలేరియాతో పడిపోయాను. ఎవరో ఆసుపత్రిలో చేర్చారు. కళ్లు తెరిచేసరికి ఫాలెసి నా చెయ్యి పట్టుకుని నాడి చూస్తోంది. ఒళ్లు చేసింది, జుట్టు అక్కడక్కడ నెరిసింది. తలమీద నర్సు టోపీ. సంతోషంతో తిట్లు లంకించుకున్నాను. నవ్వింది. మాత్రలు మింగించింది. వెళ్తుందనుకున్నాను, మంచం అంచున కూర్చుంది.

"అక్కా, ఒకటడుగుతా. ఆ రోజు అవ్వకోసం ఎవరేడ్చారు?"

"ఇన్నేళ్లకి ఎందుకే?"

"మన ఊరినుంచి ఎవరొచ్చినా అడుగుతాను. అందరం ఏడ్చాం, నేల మీద పడి ఏడ్చాం అంటారు. నా మనసు ఊరుకోవడానికి అంటారని తెలుసు. నువ్వు చెప్పు."

నాకు ఒంట్లో ఓపిక లేదు, అబద్ధం అల్లడానికి అసలు లేదు.

"ఎవరూ ఏడవలేదే. ముసలిప్రాణం, ఎండాకాలం. నేనూ ఏడవలేదు. పాటలు పాడాం, తిన్నాం, వచ్చేశాం. ఆ చాప చివరిదాకా ఖాళీగానే ఉంది."

ఫాలెసి టోపీ తీసి నా మంచం మీద పెట్టింది. నేల మీద కూర్చుంది. రెండు చేతులూ తలమీద పెట్టుకుంది.

"నా తల్లోయ్! అవ్వోయ్! నీ బిడ్డనొచ్చానే, అవ్వోయ్!"

కిటికీల బయట తమ రోగులకు గంజి కాస్తున్నవాళ్లు కూడా లేచి నిలబడ్డారు. ఏడుపు వినపడ్డాక మా ఆడవాళ్లు ఎవరికోసమని అడగరు. పక్క మంచం ఆవిడ మొదట అందుకుంది. తర్వాత బాలింతలు, చూడవచ్చినవాళ్లు, నేల ఊడుస్తున్న ఆవిడ చీపురు పడేసి. తెలియని మనుషులంతా చుట్టూ చేరి నంబేవె అవ్వ కోసం గొంతు పగిలేట్టు ఏడ్చారు. నేనూ మంచం దిగి పాక్కుంటూ వెళ్లి ఫాలెసి పక్కన కూర్చుని, సిగ్గు లేకుండా ఏడ్చాను.

పెద్ద నర్సు పరుగెత్తుకొచ్చింది. ఏ మంచం, ఏ మంచం అంటూ వరసలన్నీ చూసుకుంటోంది.

"ఇక్కడ ఎవరూ పోలేదమ్మా, పోయింది మా ఊరి అవ్వ" అన్నాను. "ఈమె వాళ్లమ్మాయి."